నీరు పల్లమెరుగు

“నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు” అన్నారు పెద్దలు. కొండవాలున స్థలం కొన్న గృహస్థు ఈ సామెతలో మొదటి సగం బాగా జ్ఞాపకం పెట్టుకోవాలి. విశాఖపట్నంలోనూ, బెజవాడలోనూ ఊరు పెరిగి ఇళ్ళు కొండల మీదికి ఎక్కాయి. అక్కడ గాలి బాగుంటుంది. చూపు దూరం పోతుంది. పల్లపు స్థలాలకుండే ముంపుభయం లేదు. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కాని వాలున నిలవని నీరు పరుగెత్తుతుంది. దాని పరుగుకు మనం దారి చూపకపోతే అదే దారి చేసుకుంటుంది.

ఒక్కసారి లెక్క చూడండి. 200 గజాల స్థలంలో ఒక రాత్రి 10 సెంటీమీటర్ల వాన కురిస్తే పడే నీరు సుమారు 16,700 లీటర్లు. 15 లీటర్లు పట్టే బిందెలతో కొలిస్తే 1,100 బిందెలకు పైమాటే! ఎగువనుంచి దిగివచ్చే నీరు దీనికి అదనం. 2024 ఆగస్టు 31న కుండపోత వానలో బెజవాడ మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ళమీద పడ్డాయి. ప్రాణాలు పోయాయి.

అంచేత ప్లానులో వంటిల్లెక్కడ, పూజగది ఎక్కడ అని చూసేముందు నీటిదారి ఎక్కడో చూడండి. వీలుంటే ఒక వానాకాలం ఆగి, జోరున కురిసేటప్పుడు గొడుగు వేసుకుని స్థలంలో నిలబడండి. నీరు ఎటు వస్తున్నదో, ఎటు పోతున్నదో నేలే చెబుతుంది.

మొదటి పని ఇంటికి ఎగువన, వాలుకు అడ్డంగా ఒక కాలువ. కొండనీరు గోడ దాకా రాకముందే దాన్ని పట్టి, పక్కలనుంచి వీధికాలువలోకి దింపాలి. 100 అడుగులకు 1 అడుగు వాలు ఉంటే నీరు నిలవదు, మరీ ఉరకదు. ఆ నీటిని దిగువింటివారి పెరట్లోకి మాత్రం వదలకండి. గృహప్రవేశంనాడు తాంబూలం అందుకున్న పొరుగువారితో తొలివానకే తగవు వస్తుంది!

రెండోది పునాది. చాలామంది కొండవైపు మట్టి తవ్వి, అదే మట్టిని పల్లంవైపు పోసి చదును చేస్తారు. ఇల్లు సగం గట్టినేల మీదా, సగం పోతమట్టి మీదా నిలిస్తే, పోతమట్టి దిగినకొద్దీ గోడలు బీటలిస్తాయి. పునాది అంతటా గట్టినేలను అందుకోవాలి. ఇంటిచుట్టూ గోడ దగ్గరనుంచి మొదటి 10 అడుగులలో నేల 6 అంగుళాలైనా బయటికి వాలి ఉండాలి.

మూడోది మట్టిని ఆపే గోడ. ఈ గోడలు చాలావరకు పడిపోయేది వెనక చేరిన నీటివల్ల. నానిన మట్టి బరువెక్కి గోడను తోస్తుంది. గోడ వెనక కంకర నింపి, గజం గజంన్నర దూరానికొకటి చొప్పున నీరు కారే రంధ్రాలు పెట్టించండి. మేస్త్రీలు వీటిని వీప్‌హోల్సు అంటారు. చూడ్డానికి బాగుండలేదని వాటిని సిమెంటుతో మూయకండి. గోడ 4 అడుగులకు మించితే ఇంజనీరు లెక్కకట్టందే రాయి పేర్చవద్దు.

ఇంకుడుగుంత మంచిదే. కాని ఆ గోడకు ఎగువన, దాని దగ్గరలో తవ్వితే మనమే గోడ వెనకకు నీరు పోసినట్టు. ఇంటికీ, గోడకూ దూరంగా, పల్లం వైపున గట్టినేలలో తవ్వించాలి. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే గుంతకూ ఇదే నియమం.

ఇక తోట. వాలంతా సిమెంటు చేయిస్తే శుభ్రంగానే ఉంటుంది కాని నీటి వేగం రెట్టింపవుతుంది. మెట్లుమెట్లుగా మళ్ళు కట్టి, వాటి అంచున వట్టివేరు నాటండి. ఎండాకాలం తడకలకు వాడే ఆ వేళ్ళే నిలువునా 3 మీటర్ల వరకు దిగి మట్టిని పట్టి ఉంచుతాయి. నిమ్మగడ్డి, గరిక కూడా మంచివే. పెద్దచెట్లను మాత్రం గోడలకు దూరంగా పెట్టండి.

ఇదంతా ఖర్చే. అయినా గోడ కూలినాక తిరిగి కట్టే ఖర్చుతో పోలిస్తే తక్కువే. ప్లాను ఖాయం చేసేముందు నీలిపెన్సిలు తీసుకుని, డాబామీద పడ్డ చినుకు వీధికాలువ చేరేదాకా ఒక గీత గీయండి. ఎగువనుంచి వచ్చే నీటికి మరో గీత గీయండి. ఏ గీత అయినా గోడకు తగిలి ఆగిపోతే ఆ ప్లాను మార్పించండి. కాగితం మీద గీత మార్చడానికి రబ్బరుముక్క చాలు.