కనబడని గాయం – కదలికల పరీక్ష

2020 జనవరి 8వ తేదీన ఇరాక్‌లోని అల్ అసద్ వైమానిక స్థావరంపై ఇరాన్ క్షిపణులు పడ్డాయి. అక్కడి అమెరికన్ సైనికులలో ఎవరికీ హాని జరగలేదని తొలుత ప్రకటన వెలువడింది. కొన్ని వారాలు గడిచేసరికి వందమందికి పైగా సైనికులకు పేలుడు ధాటికి మెదడు దెబ్బతిన్నదని తేలింది. వారిలో అత్యధికుల గాయం 'స్వల్ప' స్థాయిదే.

వైద్యుల లెక్కలో స్వల్పగాయమంటే, స్పృహ తప్పినా అది అరగంటకు మించకపోవడం, అయోమయం ఒక రోజులోపు తీరిపోవడం. స్కానింగులో సాధారణంగా ఏమీ కనబడదు. అయినా కొందరికి తల తిప్పినప్పుడు కళ్ళు తిరగడం, చీకటిలో అడుగు తడబడడం నెలల తరబడి వేధిస్తాయి.

మనిషి నిటారుగా నిలవడానికి కన్నులు, లోపలి చెవి, పాదాలూ కీళ్ళూ పంపే సమాచారాన్ని మెదడు క్షణక్షణం సరిపోల్చుకొంటుంది. ఒకటి లోపిస్తే మిగిలిన రెండూ ఆ లోటును కప్పిపుచ్చుతాయి. పరీక్షించేవారికి చిక్కు ఇక్కడే వస్తుంది. అందుచేత ఆధారాలను ఒక్కొక్కటిగా తొలగించి చూస్తారు. 'బెస్' అనే పరీక్షలో కళ్ళు మూసుకొని, చేతులు నడుముపై ఉంచి, మూడు భంగిమలలో నిలబడాలి: రెండు పాదాలు చేర్చి, ఒంటికాలిపై, ఒక మడమకు రెండవ పాదపు వ్రేళ్ళు ఆనించి. గట్టి నేలపై ఒకసారి, మెత్తని ఫోమ్ దిమ్మెపై ఒకసారి, ప్రతిదీ 20 సెకండ్లు. కన్ను తెరిచినా, చేయి తీసినా, తూలినా ఒక తప్పు. పరికరాలు ఒక దిమ్మె, ఒక గడియారం; అంతే!

నో-లోడ్‌లో నిశ్శబ్దంగా తిరిగిన యంత్రం లోడు పెట్టగానే కంపించడం మనలో షాపులలో పనిచేసినవారికి అనుభవమే. సైనికుని విషయమూ ఇంతే. వృద్ధరోగుల కోసం ఏర్పడిన పరీక్షలలో బలిష్ఠుడైన యువకుడు అవలీలగా పూర్తి మార్కులు పొందుతాడు. ఆ మార్కులను నమ్మి అతనిని విధులకు పంపితే, చీకటిలో మెట్లు దిగేటప్పుడు ప్రమాదం అతనికే కాదు, వెనుక ఉన్న సహచరునికీ.

ఆస్ట్రేలియాలో రూపొందిన 'హైమాట్' పరీక్షలో వెనుకకు నడక, మునివ్రేళ్ళపై నడక, పరుగు, ఒంటికాలి గెంతు ఉన్నాయి. అమెరికా సైనికులకై తయారైన మరొక పరీక్ష ఇంకా ముందుకు వెళ్ళింది. నమూనా ఆయుధంతో పరుగెత్తి, అడ్డంకి దాటి, నేలపై పొర్లి లేచి గురి చూడాలి. నా దృష్టిలో ఇదే అసలైన లోడ్ టెస్ట్.

ఇక సైనికుడు తిరిగి తన దళంలో చేరాలనే ఆత్రంతో బాధను దాచవచ్చు. నిద్రలేమి, మానసిక ఒత్తిడి కూడా అడుగును తడబరుస్తాయి. మళ్ళీ మళ్ళీ చేస్తే అభ్యాసం వల్లనే మార్కులు మెరుగుపడతాయి. యంత్రానికైతే కమిషనింగ్ నాటి రీడింగులు ఫైలులో ఉంటాయి. అమెరికా సైన్యం 2008 నుండి, యుద్ధక్షేత్రానికి పంపేముందు జ్ఞాపకశక్తిని, స్పందనవేగాన్ని కంప్యూటరుపై కొలిచి భద్రపరుస్తూ వచ్చింది. ఆ కొలతలో నడక మాత్రం లేదు.