చెవి మిషను ఆగాగి పలుకుతుంటే ట్రంకుపెట్టెలో పడెయ్యమాకండి

మిరప కోతలప్పుడు మా వీధి మామ్మ ఒకావిడ కల్లం కాడ తాలుకాయలు ఏరుతా కూర్చుంది. కోడలు మూడుసార్లు పిలిచింది. పలకలా. నాలుగోసారి గట్టిగా కసిరింది: "చెవిలో మిషను పెట్టుకునే ఉందిగా, ఇంకా వినపడటంలా?" ఆ కసురు మాత్రం మామ్మకి వినపడింది. అదే చిక్కు. కాసేపు వినపడతది, కాసేపు పడదు. ఇంట్లోవాళ్లు ఒక నిర్ణయానికి వచ్చేశారు, ముసలామె తనకి కావాల్సినవే వింటంది, మిగతావి విననట్టు నటిస్తంది అని. పది రోజులు ఆ మాటలు పడి, ఆవిడే మిషను తీసి ట్రంకుపెట్టెలో పెట్టేసింది.

తర్వాత ఆ మిషను నేను చూశా. క్యాంపులో ఇచ్చిన జేబు మోడలు. చెవి బుడిపె దగ్గర వైరు లోపల తెగింది, పైకి ఏం కనపడదు. అటు వంచితే మాట వస్తది, ఇటు వంచితే రాదు. మామ్మ తల తిప్పినప్పుడల్లా లోకం ఆగిపోయి మళ్లీ మొదలయ్యేది. వైరు మార్చాం. అంతే.

మిషను పూర్తిగా చచ్చిపోతే ఎవడైనా మిషన్నే అనుమానిస్తాడు. వచ్చీ రానట్టు ఉంటేనే మనిషిని అనుమానిస్తాం. అందుకే ఈ రోగం గురించి రాస్తన్నా. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంట్లో ఫోను బాగు చేసేది మీరే కాబట్టి మీకే చెప్తన్నా.

ముందు ఆ డబ్బాలో ఏముందో తెలుసుకోండి. ఒక మైకు, చప్పుడు పెంచే ఆంప్లిఫయరు, చెవికి చప్పుడు అందించే చిన్న స్పీకరు, వీటికి కరెంటు ఇచ్చే సెల్లు. మైకు కాడ మొదలైన మాట చెవి లోపలికి పోయే దాకా దారంతా ఎక్కడో ఒకచోట తెగుతా కలుస్తా ఉందన్నమాట. ఆ చోటు పట్టుకోవటమే మన పని.

జేబు మోడలైతే మొదటి అనుమానం వైరు మీదే. మీ ఇయర్‌ఫోన్ ఒక చెవిలో రాకపోతే పిన్ను దగ్గర వంచి చూస్తారుగా, ఇదీ అంతే. మిషను ఆన్ చేసి, బుడిపె మీరే చెవి దగ్గర పెట్టుకుని (లోపల పెట్టుకోమాకండి, చప్పుడు బాగా ఎక్కువ), వైరు రెండు కొసల దగ్గరా మెల్లగా వంచండి. గరగరమని మాట పోయి వస్తుంటే వైరు పోయినట్టే. దానికి టేపు చుట్టి లాభం లేదు, కొత్తది వెయ్యాల్సిందే. పిన్నులు వదులైనా ఇదే గోల. ఇంకో సంగతి, ఈ మిషను చీర మడతలోనో చొక్కా లోపలో దాస్తారు సిగ్గుపడి. బట్ట మైకుకి రాసుకుని బరబరమంటది, మాట మూసుకుపోతది. అది రిపేరు కాదు. మైకు బయటికి కనపడేట్టు గుడ్డల పైన తగిలిస్తే పోద్ది.

చెవి వెనక పెట్టుకునే మిషనుకి వైరు ఉండదు, దాని శత్రువు చెమట. మిషను నుంచి చెవిలో అచ్చుకి ఒక సన్నటి గొట్టం పోతది చూశారా? మే నెల ఎండలో చేలో పని చేసే మనిషికి ఆ గొట్టంలో నీటి బొట్టు చేరతది. బొట్టు అడ్డం పడితే మాట ఆగుద్ది, జరిగితే వస్తది. వెలుతురుకి పెట్టి చూస్తే కనపడతది. అచ్చునీ గొట్టాన్నీ మిషను నుంచి విడదీసి, రబ్బరు బుడగతో గాలి కొట్టాలి. నోటితో ఊదితే ఇంకా తడి పోద్ది. విడదీసిన అచ్చుని గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడగొచ్చు, పూర్తిగా ఆరాకే తగిలించాలి. మిషనుకి మాత్రం నీళ్లు తగలకూడదు, స్పిరిట్ తగలకూడదు. ఎండలో ఆరబెట్టటం, పొయ్యి దగ్గర పెట్టటం అసలొద్దు. అది మిరపకాయ కాదు.

రాత్రి పడుకునేప్పుడు సెల్లు తలుపు తెరిచి, సెల్లు తీసి పక్కన పెట్టి, మిషన్ని గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాంతో పెట్టండి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే పొట్లాలు అవే. వాటిని పిల్లలకి అందకుండా చూడండి.

మిషనులో తేడా ఉందా, అచ్చులో ఉందా తేల్చటానికి ఒక ఉపాయం. సౌండు పెంచి, మిషన్ని గుప్పిట్లో మూయండి. కుయ్యిమంటే సెల్లూ మైకూ స్పీకరూ బతికే ఉన్నయ్. అచ్చు తగిలిస్తే కూత రావటంలేదు, తీసేస్తే వస్తంది అంటే అచ్చులోనో గొట్టంలోనో గులిమి, తడి ఉన్నట్టు. కొత్త డిజిటల్ మిషన్లు కొన్ని కూతని వాటంతట అవే అణిచేస్తయ్, కాబట్టి కూత రానంత మాత్రాన పోయిందనుకోమాకండి.

ఇక సెల్లు. పొద్దున బాగా వినపడి, గంటకో రెండు గంటలకో ఆగిపోయి, కాసేపు ఆపి మళ్లీ ఆన్ చేస్తే వస్తందంటే సెల్లు అయిపోవచ్చింది. ముసలి ఎద్దు కాసేపు నిలబడి మళ్లీ నాలుగడుగులు వేసినట్టు. మీటరు పెట్టి వోల్టేజి బాగుందని వాదించమాకండి. పని లేనప్పుడు అలసిన సెల్లు కూడా బాగానే చూపిస్తది. కొత్తది వేసి చూడటమే అసలు పరీక్ష. చెవి వెనక మిషన్లలో వేసే బొత్తాం సెల్లు గాలి పీల్చుకుని పనిచేసేది. 675 సైజుకి నీలం స్టిక్కరు, 13కి నారింజ స్టిక్కరు ఉంటది. స్టిక్కరు పీకాక కొద్ది నిమిషాలు బయట ఉంచి అప్పుడు వెయ్యాలి. సెల్లు మీద సన్న రంధ్రాలు చెమటతో మూసుకుపోయినా ఊపిరాడక మిషను ఆగుద్ది, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. సెల్లు ఆనే రేకుల మీద తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. మన దగ్గర పత్తికి కొదవ లేదుగానీ, మైకు రంధ్రం దగ్గర మాత్రం దూది వాడొద్దు, పోగులు ఇరుక్కుంటయ్. అక్కడ మెత్తటి పొడి బ్రష్షే. పిల్లలు ఈ బొత్తాం సెల్లు మింగితే ప్రాణం మీదికొస్తది. క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసకపోవాలి.

సౌండు చక్రం తిప్పేటప్పుడే గరగరమంటే లోపల దుమ్ము చేరింది. అది షాపులో తియ్యాల్సిందే, మీరు విప్పమాకండి. కొన్నిటికి ఎం, టి, ఓ అని మీట ఉంటది. ఓ అంటే ఆఫ్, టి అంటే టెలిఫోను కోసం. చెయ్యి తగిలి టి లోకి జరిగితే ఎదుటి మనిషి మాట రాదు. ఎం లో ఉందో లేదో చూడండి.

అన్నీ చూసినా తేడా దొరక్కపోతే చెవినే చూపించాలి. గులిమి గట్టిపడ్డా, చీము కారుతున్నా మిషను ఏం చెయ్యగలదు? పిన్నీసులు, వేడి నూనె వద్దు. గుంటూరు సర్వజనాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంది, పోవచ్చు. ఉన్నట్టుండి వినికిడి పడిపోతే మాత్రం ఆ రోజే పోవాలి, వారం ఆగితే కుదరదు.

బడికిపోయే పిల్లలకి మిషను ఉంటే ఇంకా జాగ్రత్త. పిల్లోడు మిషను ఆగిందని చెప్పడు, టీచరుకి మొద్దు పిల్లోడిలా కనపడతాడు. రోజూ పొద్దున నోటికి చెయ్యి అడ్డం పెట్టి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అని ఒక్కొక్కటే పలకండి, వాణ్ని తిరిగి అనమనండి. లింగ్ పరీక్ష అంటారు దీన్ని. నిన్న అన్న "స్" ఇవాళ అనకపోతే మిషన్ని విప్పి పైన చెప్పినవన్నీ చూడండి. అర నిమిషం పని.

ఇప్పుడు నాకు కోపం వచ్చే సంగతి. కేంద్రం 1981 నుంచి నడిపే అడిప్ పథకం కింద ఆదాయ పరిమితి లోపల ఉన్నవాళ్లకి మిషన్లు ఉచితంగా ఇస్తారు, కాన్పూరులోని అలిమ్కో తయారుచేసినవి క్యాంపుల్లో పంచుతారు. మంచిదే. కానీ ఒకసారి తీసుకుంటే మళ్లీ మూడేళ్ల దాకా అదే సాయం అడగటానికి లేదు. 12 ఏళ్లలోపు పిల్లలకి ఏడాది. అంటే ఆ వైరు తెగి మిషను పెట్టెలోకి పోతే మామ్మకి మూడేళ్లు చెవుడే. నేను చూసిన ఒక క్యాంపులో ఫొటోలు తీయటానికి గంట పట్టింది, మిషను ఎట్టా వాడాలో చెప్పటానికి రెండు నిమిషాలు కూడా పట్టలా. వైరు పోతే ఎక్కడికి రావాలి అని ఒక పెద్దాయన అడిగితే, జవాబు చెప్పాల్సినాయన అప్పటికే కారెక్కాడు.

మీ మండలంలో ఈసారి క్యాంపు పెడితే మీ తాతనో మామ్మనో ఒంటరిగా పంపమాకండి, మీరూ పోండి. వారంటీ కాగితం మీద తేదీ, స్టాంపు వేయించుకోండి. విడి వైరు ఒకటి, సెల్లులు ఇంకో జత అడగండి. రిపేరు ఎక్కడ చేస్తారో, ఏ ఫోను నంబరుకి చెయ్యాలో ఆ కాగితం వెనకే రాయించుకోండి. రాయమంటే గొణుగుతారు. రాసేదాకా కుర్చీలోంచి లేవమాకండి.