అరంగుళం అదే, అడ్డుకొలతలే వేరు

నాయుడుపేటలో పాలక్యాన్లు మోసే నల్ల సైకిల్ చెయిన్‌ను, లక్ష రూపాయలు దాటిన గ్రావెల్ బైక్ చెయిన్‌ను పక్కపక్కన పెట్టి కొలవండి. ఒక పిన్ను నడుమ నుంచి పక్క పిన్ను నడుమకు రెండింటిలోనూ ఒకటే దూరం: అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. అయినా ఒకదాని చెయిన్ ఇంకోదానికి వేస్తే నడవదు. పది గేర్ల చెయిన్‌ను పన్నెండు గేర్ల బండికి వేసినా ఇదే తంటా. చెయిన్ పుట్టి పెరిగిన తీరు తెలిస్తే ఎందుకిలాగో అర్థమవుతుంది.

గ్రావెల్ బైక్‌కు రేసు సైకిల్‌లా వంగిన హ్యాండిల్, సుమారు 40 మిల్లీమీటర్ల వెడల్పుండే టైర్లు, డిస్క్ బ్రేకులు ఉంటాయి. తారు రోడ్డు మీదా, చెరువుకట్టల మీదా, గ్రావెల్ తోలిన పొలందారుల్లోనూ పోగలదు. నాయుడుపేట చుట్టుపక్కల నేల చదును కాబట్టి కంపెనీ ఇచ్చిన గేర్లే ఇక్కడికి ఎక్కువ. 71వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని శ్రీకాళహస్తి, రేణిగుంట, తిరుపతి దాటాక సంగతి మారుతుంది. ఆ దారి చేరే మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. దాని అవతలి హార్స్‌లీ కొండల ఎత్తు 1,265 మీటర్లు. వెనక ఇంకాస్త పెద్ద పళ్లచక్రం ఉంటే బాగుండునన్న ఆలోచన ఆ ఎత్తుల్లో పుడుతుంది.

చెయిన్ కథను మలుపు తిప్పినవాడు హాన్స్ రెనాల్డ్. స్విట్జర్లాండ్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో స్థిరపడ్డాడు. 1879లో, బట్టల మిల్లుల యంత్రాలకు చెయిన్లు చేసే చిన్న వ్యాపారాన్ని కొన్నాడు. అప్పటి చెయిన్లలో బరువంతా ఇరుకైన చోట పడి పిన్నులు త్వరగా అరిగిపోయేవి. రెనాల్డ్ పిన్ను మీద ఒక గొట్టం తొడిగి, ఆ గొట్టం మీద తిరిగే రోలర్ పెట్టాడు. దాంతో బరువు గొట్టం పొడవునా పంచుకుపోయింది. ఈ ఏర్పాటుకు 1880లో పేటెంట్ వచ్చింది. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్‌తో రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తున, వెనక చక్రానికి చెయిన్ ఉండే రూపం స్థిరపడింది.

మన దగ్గరికి ఈ విద్య చెన్నై దారిన వచ్చింది. 1949లో అంబత్తూరులో మురుగప్ప కుటుంబం, బ్రిటన్‌లోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కలిసి టీఐ సైకిల్స్ పెట్టాయి. 1960లో అమెరికాలోని డైమండ్ చెయిన్ కంపెనీ తోడుగా టీఐ డైమండ్ చెయిన్ మొదలైంది. ఇండియానాపొలిస్‌లోని ఆ డైమండ్ కంపెనీ చెయిన్లే 1903లో రైట్ సోదరుల విమానం ఇంజిన్ బలాన్ని ప్రొపెల్లర్లకు అందించాయి.

అరంగుళాన్ని మార్చాలని చూసినవాళ్లూ ఉన్నారు. జపాన్ కంపెనీ షిమానో 1970ల చివర్లో ట్రాక్ పందేల కోసం 10 మిల్లీమీటర్ల చెయిన్ తెచ్చింది. బరువు తగ్గింది కానీ, దానికి సరిపడే పళ్లచక్రాలు వేరే ఎవరి దగ్గరా లేవు. కొన్నేళ్లకే అది కనుమరుగైంది.

పొడవు కదలకపోయినా అడ్డుకొలతలు కదిలాయి. వెనక చక్రం దగ్గర ఫ్రేములో ఉన్న చోటు పరిమితం. ముంజేతికి మరో రెండు గాజులు పట్టాలంటే గాజులే సన్నబడాలి. ఇక్కడా అదే జరిగింది. వెనక పళ్లచక్రాల కట్టను క్యాసెట్ అంటారు. ఎనిమిది గేర్ల క్యాసెట్‌లో పక్కపక్క చక్రాల నడుమ దూరం 4.8 మిల్లీమీటర్లు, పదింటిలో 3.95. దానికి తగ్గట్టు చెయిన్ బయటి మందమూ దిగింది: ఎనిమిది గేర్లకు సుమారు 7.1 మిల్లీమీటర్లు, పదికి 5.9, పదకొండుకు 5.5, పన్నెండుకు 5.3. లావు చెయిన్‌ను ఇరుకు క్యాసెట్ మీద వేస్తే పక్క చక్రానికి రాసుకుంటుంది. పది గేర్ల క్యాసెట్ మీద పదకొండు గేర్ల చెయిన్ లాంటి ఒక్క మెట్టు సన్నం చాలాసార్లు నడిచిపోతుంది. లావు మాత్రం నడవదు.

1984కు ముందు ఇంత పట్టింపు లేదు. గేరు మార్చే మీటను వేళ్లతో కొద్దికొద్దిగా జరుపుతూ, చప్పుడు ఆగేదాకా సర్దుకునేవారు. ఏ కంపెనీ మీటతోనైనా ఏ కంపెనీ చక్రాలైనా పనిచేసేవి. ఆ ఏడాది షిమానో డ్యూరా-ఏస్ గేర్లకు టక్కుమని ఆగే మెట్లు పెట్టింది. అప్పటి నుంచి ఒక్కో టక్కుకు కేబుల్ ఎంత లాగాలి, చెయిన్‌ను పక్క చక్రం మీదకు నెట్టే డిరైలర్ ఎంత జరగాలి, చక్రాల మధ్య దూరమెంత అన్న మూడు కొలతలూ కలిసి రావాల్సిందే. గేర్ల సంఖ్య ఒకటైనంత మాత్రాన అవి కలవవు. షిమానో పది గేర్ల టియాగ్రా 4700 లాగుడు, అదే కంపెనీ పాత పది గేర్ల రోడ్డు సైకిళ్ల లాగుడుతో కలవదు. పదకొండు గేర్ల రోడ్డు సైకిళ్లతో కలుస్తుంది.

తర్వాతి చిక్కు ఫ్రీహబ్. వెనక చక్రం మధ్యలో క్యాసెట్ ఎక్కే గాడుల డ్రమ్ము ఇది. షిమానో పాత డ్రమ్ము ఎనిమిది, తొమ్మిది, పది గేర్లకు ఒకటే. పదకొండు గేర్ల రోడ్డు సైకిల్ వచ్చేసరికి అది 1.85 మిల్లీమీటర్లు పొడవైంది. పది గేర్ల క్యాసెట్‌ను కొత్త డ్రమ్ము మీద వేయాలంటే అంతే మందం వాషర్ కావాలి. పెద్ద చక్రం చువ్వల వైపు వంగి ఉండే కొన్ని పదకొండు గేర్ల క్యాసెట్లు మాత్రం పాత డ్రమ్ము మీదా కూర్చుంటాయి. 11-34 పళ్ల హెచ్‌జీ800 అలాంటిదే. పది పళ్ల చిన్న చక్రం కావాలంటే ఈ డ్రమ్ములు పనికిరావు. దానికోసం మరో గేర్ల కంపెనీ స్రామ్ 2012లో ఎక్స్‌డీ, షిమానో 2018లో మైక్రో స్ప్లైన్ అనే వేరే డ్రమ్ములు తెచ్చాయి. ఒకదాని క్యాసెట్ ఇంకోదాని మీదకు ఎక్కదు.

ఇక డిరైలర్ చేయి. షిమానో 2019లో గ్రావెల్ కోసమే జీఆర్‌ఎక్స్ గేర్లు తెచ్చింది. అందులో పది గేర్ల ఆర్‌ఎక్స్400 డిరైలర్ వెనక 36 పళ్ల దాకా అందుకుంటుంది. మొత్తం 41 పళ్ల తేడాకు వచ్చే వదులును లాగి పట్టగలదు. ముందు 46, 30 పళ్లు, వెనక 11-34 ఉన్న బండిని తీసుకోండి. ముందు తేడా 16, వెనక 23, మొత్తం 39. వెనక 11-36 వేస్తే 41, సరిగ్గా అంచు. దీనివల్ల ఎంత లాభం? 700×40 టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు. 30కి 34 ఉన్నప్పుడు పెడల్ ఒక చుట్టుకు బండి 1.94 మీటర్లు పోతుంది. 36 అయితే 1.83. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 7 కిలోమీటర్ల వేగం 6.6కు దిగుతుంది. ఎత్తు మీద ఆ తేడా మోకాళ్లకు తెలుస్తుంది.

అదే బండికి పన్నెండు గేర్ల 10-45 క్యాసెట్ కావాలంటే క్యాసెట్‌తో పని పూర్తి కాదు. ఫ్రీహబ్, చెయిన్, డిరైలర్, మీట అన్నీ మారాలి. పన్నెండు గేర్లలో ఇంకో మెలిక ఉంది. స్రామ్ 2019లో రోడ్డు సైకిళ్లకు తెచ్చిన ఫ్లాట్‌టాప్ చెయిన్ రోలర్లు మామూలు వాటికన్నా లావు. అదే కంపెనీ ఈగిల్ అనే ఇంకో చెయిన్‌కూ పన్నెండు గేర్లే అయినా ఒకదాని బదులు ఒకటి వేయలేం.

సంఖ్యలన్నీ కుదిరినా అరుగుదల పని చెడగొట్టవచ్చు. చెయిన్ సాగిందని మెకానిక్ అన్నప్పుడు ఇనుము సాగినట్టు కాదు; దుమ్ము చేరి పిన్నులు అరిగి, ఒక్కో లింకు దగ్గర కాస్త వదులు పెరిగినట్టు. 24 లింకుల పొడవు కొత్తలో 304.8 మిల్లీమీటర్లు. ఇది అర శాతం, అంటే 1.5 మిల్లీమీటర్లు పెరిగితే పదకొండు, పన్నెండు గేర్ల చెయిన్ మార్చేయాలి. పది గేర్లకు ముప్పావు శాతం దాకా ఆగవచ్చు. ఆలస్యమైతే క్యాసెట్ పళ్లూ ఆ పాత చెయిన్‌కు తగ్గట్టు అరుగుతాయి. అప్పుడు కొత్త చెయిన్ వేస్తే బలంగా తొక్కినప్పుడల్లా జారుతుంది.

కాబట్టి నాయుడుపేట నుంచి విడిభాగాల కోసం చెన్నైకో తిరుపతికో బయలుదేరే ముందు నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోండి: వెనక ఎన్ని గేర్లు, ఫ్రీహబ్ ఏ రకం, డిరైలర్ మీద ఉన్న మోడల్ నంబరు, ముందూ వెనకా పళ్ల లెక్క. కొండ ఎక్కడమే అవసరమైతే గేర్ల సంఖ్య పెంచకండి. ఉన్న సంఖ్యలోనే డిరైలర్ ఒప్పుకునే పెద్ద క్యాసెట్, దానికి సరిపడే పొడవున్న కొత్త చెయిన్ కలిపి కొనండి. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఆ మార్పే.