రెండు సూర్యోదయాల ప్రయాణం

ఆస్ట్రేలియా పశ్చిమ తీరాన పెర్త్ నగరం. అక్కడి స్వాన్ నది నుండి, నాడు సిలోన్ అని పిలిచిన శ్రీలంకలో గాలె పట్టణం చేరువనున్న కొగ్గల సరస్సుకు ఆకాశమార్గాన దూరం సుమారు 5,600 కిలోమీటర్లు. నడుమనున్నది మహాసముద్రమే. 1943లో ఈ దూరాన్ని ఎక్కడా ఆగకుండా దాటడానికి విమానానికి 27 గంటలకు తక్కువ పట్టేది కాదు. ఒకసారి 32 గంటలు కూడా మించింది.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాను వశం కావడంతో ఆస్ట్రేలియా, ఇంగ్లండుల మధ్య విమానమార్గం తెగిపోయింది. ఏప్రిల్ 5న జపాను విమానాలు కొలంబోపైనా, మరునాడు మన విశాఖపట్నం, కాకినాడలపైనా బాంబులు కురిపించాయి. సుమత్రా, అండమాన్ దీవులు శత్రువు చేతిలో ఉన్నాయి. ఇటువంటి సముద్రం మీదుగా ఆయుధాలు లేని విమానాలను నడపడానికి క్వాంటాస్ సంస్థ పూనుకున్నది. 1943 జూన్ చివర తొలి ప్రయాణం జరిగింది.

ఇందుకు వాడినవి నీటిపైననే లేచి నీటిపైననే దిగే కేటలీనా విమానాలు. వేగం గంటకు ఇంచుమించు 200 కిలోమీటర్లు. సుమారు 2,000 గాలన్ల పెట్రోలు నింపిన తరువాత ముగ్గురు ప్రయాణికులకూ, 69 కిలోల టపాకూ మాత్రమే చోటు మిగిలేది. ముగ్గురి కోసం ఇంత శ్రమా అనిపించవచ్చు. కాని ఆ టపా సేనలదీ, రాయబార కార్యాలయాలదీ.

ఇంత మెల్లని విమానం శత్రువు కంటబడితే తప్పించుకోలేదు. చీకటి ఒక్కటే దానికి కవచం. అందుచేత ప్రమాదకరమైన భాగాన్ని రాత్రివేళ దాటేటట్లు లెక్కకట్టి బయలుదేరే సమయాన్ని నిర్ణయించేవారు. రేడియోలో మాట్లాడరాదు. దారి చూపవలసినవి నక్షత్రాలే. విమానాలకు పెట్టిన పేర్లు కూడా వాటివే: వేగా, ఆల్టేర్, అంటారిస్, స్పైకా, రైజెల్. వీటిలో మొదటి నాలుగూ మనకు కొత్తవి కావు. అభిజిత్తు, శ్రవణం, జ్యేష్ఠ, చిత్త అని మన జ్యోతిషం ఎరిగిన చుక్కలే అవి.

ప్రయాణికులు ఆకాశంలోనే రెండు సూర్యోదయాలు చూసేవారు. దిగిన తరువాత వారికి ‘రెండు సూర్యోదయాల రహస్య సంఘం’లో సభ్యులైనట్లు ఒక యోగ్యతాపత్రం ఇచ్చేవారు. ప్రాణాలకు తెగించి నడిపిన ఈ సర్వీసులో ఇంతటి చమత్కారానికి కూడా తావున్నందుకు సంతోషించాలి. తరువాత ఈ మార్గాన్ని కరాచీ వరకు పొడిగించి, అక్కడ లండను విమానాలతో కలిపారు.

1945 జూలై నాటికి 271 సార్లు సముద్రాన్ని దాటారు. ఒక్క ప్రాణమూ పోలేదు.

2018 మార్చిలో అదే సంస్థ పెర్త్ నుండి లండనుకు 14,498 కిలోమీటర్ల దూరం ఆగకుండా విమానం నడపడం ప్రారంభించింది. దానికి పట్టే కాలం సుమారు 17 గంటలు.

ఆ కేటలీనాలు అమెరికా నుండి అరువు ఒప్పందంపై వచ్చినవి. యుద్ధం ముగియగానే, ఆ ఒప్పందం ప్రకారం, అయిదింటినీ ఆస్ట్రేలియా తీరాన సముద్రంలో ముంచివేశారు.