కస్తూర్బా బడి టీచర్లు: బాధ్యత పూర్తిగా, కొలువు ఏడాదికోసారి

సావిత్రిబాయి ఫూలే జయంతి జనవరి 3ని మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా తెలంగాణ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. సరిగ్గా అదే సమయంలో కస్తూర్బా బాలికా విద్యాలయాల టీచర్లు ఉద్యోగ భద్రత కోసం సమ్మెలో ఉన్నారు. అంతకు ఏడాది ముందు ఆంధ్రప్రదేశ్‌లోనూ సమగ్ర శిక్ష ఉద్యోగులు ఇదే డిమాండ్‌తో రోడ్డెక్కారు. ఇరవై ఏళ్లుగా నడుస్తున్న బడుల్లో టీచర్లు ఇంకా తాత్కాలికమే ఎందుకయ్యారు?

ఎవరి కోసం పెట్టిన బడులివి?

చదువులో వెనకబడ్డ మండలాల ఆడపిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2004లో ఈ పథకం తెచ్చింది. సీట్లలో 75 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు, మిగతా 25 శాతం దారిద్ర్యరేఖకు దిగువనున్న ఇళ్ల పిల్లలకు. బడి మానేసిన పిల్లలు, కూలికి వలసపోయిన తల్లిదండ్రుల పిల్లలు ఇక్కడే ఉండి చదువుకుంటారు. మొదట 6 నుంచి 8 వరకు ఉన్న తరగతులు ఇప్పుడు చాలాచోట్ల ఇంటర్ దాకా పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 352 కస్తూర్బా విద్యాలయాలున్నాయి.

టీచరు పని ఎంత?

ఇక్కడ స్పెషల్ ఆఫీసర్ నుంచి సీఆర్టీల దాకా అందరూ మహిళలే. పగలు పాఠం, సాయంత్రం స్టడీ అవర్, వంతుల వారీగా రాత్రి డ్యూటీ. పిల్లకు జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లేదీ, పెళ్లి చేస్తామని ఇంటివాళ్లు వస్తే మాట్లాడి ఆపేదీ వీళ్లే. జిల్లా పరిషత్ హైస్కూల్ టీచరుకున్న అర్హతలే, డిగ్రీ, బీఈడీ, వీళ్లకూ ఉండాలి. కానీ జీతం ఒకే మొత్తం. ఇంక్రిమెంట్లు, పెన్షన్ లేవు. కాంట్రాక్టు ఏటా రెన్యువల్ కావాలి.

చిక్కుముడి ఎక్కడుంది?

ఇవి ప్రాజెక్టు బడులు. సమగ్ర శిక్ష కింద ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరిస్తాయి. బడ్జెట్‌కు ఏటా ఆమోదం రావాలి. అంటే బడి శాశ్వతంగా ఉన్నా, టీచరు పోస్టు విద్యాశాఖలో మంజూరైన పోస్టు కాదు. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, నిబంధనల ప్రకారం భర్తీ కాని తాత్కాలిక ఉద్యోగులు క్రమబద్ధీకరణను హక్కుగా అడగలేరంది. అప్పటినుంచి ప్రభుత్వాలకు ఆ తీర్పే అడ్డుగోడ అయింది. కానీ తెలంగాణలో 2023 నియామకాలు నోటిఫికేషన్ ఇచ్చి, రాతపరీక్ష పెట్టి చేసినవే. వాటిని దొడ్డిదారి ఉద్యోగాలనడం ఎలా కుదురుతుంది?

చట్టం ఏమంటోంది?

రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేసే తాత్కాలిక ఉద్యోగికి కనీసం ఆ పేస్కేలులోని మొదటి మెట్టు జీతం ఇవ్వాలని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టు గడువు ముగిసినంత మాత్రాన ప్రసూతి ప్రయోజనాలు ఆగిపోవని 2023లో కవితా యాదవ్ కేసులో తేల్చింది. 2024 డిసెంబరులో జగ్గో కేసు వచ్చింది. అది కేంద్ర జలసంఘంలో ఏళ్ల తరబడి సఫాయి పని చేసిన మహిళలు, తోటపని చేసిన ఒక కార్మికుడు గెలిచిన కేసు. ఉమాదేవి తీర్పును దీర్ఘకాలం పనిచేసినవాళ్ల మీద ఆయుధంగా వాడొద్దని కోర్టు అందులో హెచ్చరించింది. చీపురు పట్టిన ఆడవాళ్లు గెలుచుకున్న ఆ న్యాయం చాక్‌పీసు పట్టిన ఆడవాళ్లకూ దారి చూపిస్తుంది.

ఇది దళితుల ప్రశ్న ఎందుకు?

ఈ టీచర్లలో చాలామంది దళిత, గిరిజన, బీసీ ఇళ్లలో మొదటితరం చదువరులు. శాశ్వత పోస్టు లేనిచోట రిజర్వేషన్ కాగితం మీదే మిగులుతుంది. ప్రమోషన్‌లో వాటా ఉండదు, రిటైరయ్యాక పెన్షన్ ఉండదు. రేపటి కొలువు మీద భరోసా లేని టీచరు, వార్డెన్ తప్పునో, పాడైన అన్నాన్నో గట్టిగా ప్రశ్నించలేదు. ఆ నష్టం నేరుగా మన పిల్లలదే.

కాబట్టి అడగాల్సినవి స్పష్టం: కస్తూర్బా టీచరు పోస్టులను విద్యాశాఖలో మంజూరు చేయాలి, అంతవరకు మినిమం టైమ్ స్కేల్ ఇవ్వాలి, రోస్టర్ వివరాలు జిల్లాల వారీగా బయటపెట్టాలి. సావిత్రిబాయి పేరు మీద రోజు పెట్టిన ప్రభుత్వం ఆమె దారిలో నడుస్తున్న వాళ్లకు కొలువు కూడా ఇవ్వాలి.