పుంజు ఈకకు గిరాకీ; గాలపు ఈగలు కట్టేవారికి గండి

ట్రౌట్ చేపల వేటకు కొక్కేనికి పుంజు ఈక చుట్టి ఉత్తుత్తి ఈగలు కడతారు. అమెరికాలో కొందరికి ఇదే జీవనాధారం. సరుకు డజన్ల లెక్కన దుకాణాలకు పోతుంది. చేతివేగం ఎంత ఉన్నా, మిగులు తేల్చేది ఈక ధరే. సన్నగా, పొడవుగా ఉండే ఈ ఈకల కోసమే కొలరాడోలోని వైటింగ్ ఫారంలో ప్రత్యేకించి పుంజులను పెంచుతారు.

2011లో అమ్మాయిలకు ఈ ఈకలను జుట్టులో పెట్టుకునే మోజు పట్టింది. సరుకు సెలూన్లకు మళ్లింది. చిల్లరగా 40-60 డాలర్లు పలికే చారల 'గ్రిజ్లీ' రకం ఈబే వేలంలో 480 డాలర్లకు పోయింది. పుంజు ఎదిగి ఈక చేతికి రావడానికి దాదాపు ఏడాది! గిరాకీ పెరిగిందని దిగుబడి వెంటనే పెరగదు. డజను రేటు ముందే ఖాయపరచుకొన్నవారికి కూలి మాట అటుంచి, ఈక ఖర్చే గిట్టదు. నిల్వ ఉన్నవారికైతే ఈగలు కట్టడంకన్న ఈకలమ్ముకోవడమే లాభసాటి.

ఆ మోజు ఎంతోకాలం నిలవలేదు. హెచ్చు ధరకు కొని దాచినవారి సంగతి వర్తకులకు చెప్పనక్కరలేదు.