నడవ ఇరుకైతేనేం... సొగసు తగ్గాలా?

వీధి తలుపు తీయగానే పొడుగాటి దారి. అటు గోడ, ఇటు గోడ. చివరన వంటిల్లో, పెరటి తలుపో. మధ్యలో ఒక్క కిటికీ అయినా ఉండదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి ఊళ్ల పాత వీధుల్లో ఇలాంటి ఇళ్లు ఎన్నో. స్థలం వీధివైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడుగెక్కువ. రైలుపెట్టె ఇళ్లని ఊరికే అన్నారా! నీరుగట్టువారిపల్లె లాంటి నేత వీధుల్లోనైతే ముందుగదిలో మగ్గం వేసుకోగా పక్కన మిగిలిన సందే నడవ.

హాలుకు సోఫా కొంటాం, వంటింటికి టైల్స్ వేయిస్తాం. నడవ దగ్గరికి వచ్చేసరికి 'నడిచే దారే కదా, దీనికేం సింగారం' అని వదిలేస్తాం. అలా వదిలేసిన చోటుకి పిల్లాడి సైకిలు వస్తుంది. చెప్పులు, పాత పేపర్లు, ఖాళీ సిలిండరు, బియ్యం మూట... ఒక్కొక్కటే చేరతాయి. మదనపల్లె వైపు టమోటా సీజన్లో రెండు ఖాళీ బాక్సులు కూడా!

కాబట్టి కొత్త వస్తువు కొనేముందు ఓసారి టేపు పట్టి కొలవండి. గోడకూ గోడకూ మధ్య నాలుగడుగులుంటే అందులో మూడడుగులు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఉన్నదే మూడడుగులైతే నేలమీద ఏదీ పెట్టకూడదు, పూలకుండీతో సహా. ఎందుకంటారా? రాత్రి రెండు గంటలప్పుడు అవ్వ బాత్రూముకు లేచి, లైటు వేస్తే పిల్లలు లేస్తారని చీకట్లోనే గోడ తడుముకుంటూ వెళ్తుంది. కాలికి చెప్పుల స్టాండు తగిలిందా, ఇక చెప్పేదేముంది! ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఆపరేషను, మంచం, నెలల తరబడి చాకిరీ. ఒకరు పట్టుకుని నడిపించాలన్నా, చక్రాల కుర్చీ తిరగాలన్నా ఆ మూడడుగులే ఆధారం. నడవకు ఏ అలంకారం చేసినా గోడకే చేయాలి, నేలను ముట్టుకోకూడదు.

పాత మిద్దె ఇళ్లవాళ్లకు ఓ అదృష్టం ఉంది. ఆ మందపాటి గోడల్లో దీపం పెట్టుకునే గూళ్లుంటాయి. ఇల్లు బాగు చేయించేటప్పుడు చాలామంది వాటిని ఇటుకలు పెట్టి పూడ్పించేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి! అంగుళం దారి కూడా ఆక్రమించని షోకేసు అది. గూడు లోపల పసుపురంగో, ఇటుక రంగో వేసి ఓ ఇత్తడి దీపం గానీ, అమ్మమ్మ వాడిన చిన్న చెంబు గానీ పెడితే చాలు. కొత్త ఇళ్లలో మాత్రం నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను తొలిపించి గూళ్లు పెట్టించే సాహసం వద్దు. గోడ బలం పోతుంది.

వెలుగు ఎక్కడినుంచి?

పాత మిద్దెల్లో నడవకు వెలుతురు పైనుంచి వచ్చేది. కప్పులో గవాచి ఉండేది కదా! వాననీళ్లు కారుతున్నాయని దాన్ని మూసేసినవాళ్లు మళ్లీ తెరిపించి, చుట్టూ గట్టు కట్టించి, పైన మందపాటి గాజు బిగించుకోవచ్చు. స్లాబు ఇళ్లలో గదుల తలుపుల పైన ఉండే చెక్క పలక తీయించి గాజు పెట్టించండి. గదిలోని వెలుగు నడవలోకీ వస్తుంది, తలుపు మూసుకుంటే గుట్టుకూ లోటుండదు.

బల్బు సంగతికొస్తే, నడవ మధ్యలో ఒకే ట్యూబులైటు ఉంటే రెండు చివర్లూ మసకగానే ఉంటాయి. దానికి బదులు అటొకటి, ఇటొకటి చిన్న ఎల్‌ఈడీ బల్బులు పెట్టుకుంటే కరెంటు ఖర్చు తక్కువే, నడవా నిండుగా కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం స్విచ్చి. మెట్లకు పెట్టినట్టే నడవకూ రెండు చివర్లా టూవే స్విచ్చి పెట్టమని ఎలక్ట్రీషియనుకు చెప్పండి. ఇటు వేసి, అటు ఆర్పేయొచ్చు. మనిషి అలికిడికి దానంతటదే వెలిగే చిన్న లైట్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. మోకాలి ఎత్తున ఒకటి తగిలిస్తే అవ్వకు దారి కనిపిస్తుంది, పిల్లల నిద్రా చెడదు.

పుంగనూరు ఆవంత ఎత్తున...

పొడుగాటి రెండు గోడలకూ లేత రంగులే వేయాలి. మీగడ తెలుపో, లేత పసుపో. చివరనున్న గోడకు మాత్రం కాస్త ముదురు రంగు, ఇటుక రంగు లాంటిది వేసి చూడండి. ముదురు రంగు దగ్గరికి వచ్చినట్టు అనిపిస్తుంది, లేత రంగు వెనక్కి జరిగినట్టుంటుంది. దాంతో పొడుగు తగ్గి వెడల్పు పెరిగినట్టు కంటికి తోస్తుంది. 

పిల్లలున్న ఇంట్లో లేత రంగు నాలుగు రోజులుంటుందా అని మీరు అడగొచ్చు. మరకలన్నీ పడేది కింది మూడడుగుల్లోనే. సరిగ్గా మన పుంగనూరు ఆవంత ఎత్తు! ఆ ఎత్తువరకు ఆయిల్ పెయింటు వేయిస్తే తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. గోడకు చెమ్మ ఉంటే మాత్రం ముందు దాని సంగతి చూడాలి, లేకపోతే పెయింటు పొక్కులు పొక్కులుగా లేచిపోతుంది. అంత ఖర్చు వద్దనుకుంటే మనకు తెలిసిన పద్ధతే ఉంది. గోడ అడుగున జానెడు వెడల్పున జాజు పూసి, దానిమీద సున్నంతో చిన్న ముగ్గు. పండక్కి పండక్కి కొత్తది వేసుకోవచ్చు. పొడుగునా ఒకే ముగ్గు గీయడం విసుగనిపిస్తే గుమ్మాల దగ్గర మాత్రమే వేయండి.

ఇక గోడకు ఏం తగిలించాలి? నడవకు ఎండ తగలదని బాధపడతాం కానీ, గుడ్డకూ ఫోటోకూ అదే మేలు. శ్రీకాళహస్తి కలంకారీలో పూసే ప్రకృతి రంగులు నేరుగా ఎండ పడితే వెలిసిపోతాయి. హాల్లో కిటికీ ఎదురుగా వేలాడదీసే కలంకారీని చివరి గోడకు మార్చి చూడండి, చూపు అక్కడే ఆగుతుంది. చిరిగి పెట్టెలో పడున్న మదనపల్లె పట్టుచీర ఉంటే కొంగు ముక్కను ఫ్రేము కట్టించండి. ఏ ఫ్రేమునైనా చెమ్మ తగలకుండా గోడకు అర అంగుళం ఎడంగా తగిలించాలి.

ఫోటోలు నిండా పెట్టేసి గోడను స్టూడియో చేయకండి సుమా! నాలుగైదు చాలు. అందులో ఒకటి మన ప్రాంతానిది ఉంటే మరీ ముచ్చట. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ 'జనగణమన'ను ఇంగ్లీషులోకి తెచ్చింది మదనపల్లెలోనే. దానికి స్వరాలు రాసిపెట్టడంలో సాయపడిన మార్గరెట్ కజిన్స్ మహిళల ఓటుహక్కు కోసం పాటుపడిన మనిషి. ఆ ఇద్దరి ఫోటోలూ పక్కపక్కన ఉంటే, బడికి పోయే పిల్లలు రోజూ చూస్తారు కదా!

అద్దం పెట్టాలనుకుంటే పక్క గోడకు, ఏదో ఒక తలుపుకు ఎదురుగా పెట్టండి. తలుపులోంచి వచ్చే వెలుగు రెట్టింపవుతుంది. చివరి గోడకు పెడితే నడవ ఇంకా పొడుగవుతుంది. పైగా అర్ధరాత్రి తన రూపమే ఎదురొస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు!

కుప్పం వైపు గ్రానైట్ కోయగా మిగిలిన ముక్కలు చవగ్గా దొరికితే నేలకు వేయించుకోవచ్చు. నున్నగా పాలిష్ చేసినవి తడిస్తే జారతాయి కాబట్టి వాటిని గోడ వారగా అంచులా వేయించి, నడిచే చోట గరుకు రాయి వేయించండి. చివరలు ముడుచుకునే సన్నటి కార్పెట్లు, పట్టాలు ఎంత అందంగా ఉన్నా వద్దు.

మరి చెప్పులు, సామాన్లు ఎక్కడికి పోవాలి? గోడకు బిగించే, ఆరేడు అంగుళాలకు మించని చెప్పుల పెట్టెలు వస్తున్నాయి. మూడడుగుల నడవైతే అదీ వద్దు, వీధి గుమ్మం బయటే చోటు చూసుకోవాలి. సిలిండరు పెరట్లోకి. టమోటా బాక్సుల్ని గోడకు కొట్టి పుస్తకాల అరలు చేసుకోవడం ముచ్చటైన ఆలోచనే, కానీ అది పిల్లల గదికి. అద్దె ఇల్లయితే మేకులు కొట్టనక్కర్లేకుండా అంటించుకునే కొక్కేలతో తేలికపాటి ఫ్రేములు తగిలించుకోవచ్చు.

అంతా అయ్యాక ఓ రాత్రి లైట్లన్నీ ఆర్పి, అవ్వ మంచం దగ్గర్నుంచి బాత్రూము దాకా మీరే మెల్లగా నడిచి చూడండి. చెయ్యి ఎక్కడ గోడను వెతుక్కుంటుందో అక్కడ నడుమెత్తున ఒక గుండ్రటి కర్ర కడ్డీ బిగించండి. గోడ రంగుకు తగ్గ వార్నీషు వేయిస్తే అదీ నడవకు ఓ నగలా ఉంటుంది.